నడిచే అక్షరాలు

తడి ఆరని నలుపు.

పసుపుపచ్చ కాగితం మీద, అరచేతికంటే పెద్దగా, ఒక ‘ద’.

పొట్ట లావు. మెడ సన్నం. నెత్తిన తలకట్టు... కొడవలి కొసంత పదును.

నిలబడి లేదు అది. ముందుకు వాలి ఉంది. ఎదురుగాలిలో చేనికి పోయే మనిషి వాలినట్టు, కాస్త ఒళ్ళు ముందుకు వేసి.

కిటికీలోంచి గాలి వచ్చింది. కాగితం కదిలింది.

అక్షరం నడిచింది—

నడవలేదు లెండి. అక్షరాలు నడుస్తాయా? కానీ కృపావరం కళ్ళకు నడిచింది. చేతిలో సిరా రోలరు అట్లాగే ఉండిపోయింది. సిరా చుక్క జారి కాలి మీద పడింది. పడ్డ సంగతి అతనికి ఇంటికి పోయి కాళ్ళు కడుక్కునేటప్పుడు తెలిసింది.

నరసరావుపేటలో, రైలుకట్టకు ఇవతల, రేకుల కప్పు కింద ఒక చిన్న అచ్చాఫీసు. కిరసనాయిలు వాసన, సిరా వాసన, తడి కాగితం వాసన. అందులో కంపోజిటరు కృపావరం. గళ్ళపెట్టెలోంచి అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసగా పేర్చి, చట్రంలో బిగించి, మాటలు చేసే మనిషి. మిషనరీ బడిలో దొరసాని నేర్పిన పని. మీసం రాకముందు పట్టుకున్నాడు, మీసం నెరిసినా వదల్లేదు.

ఆ ‘ద’ ఉన్న కొత్త పెట్టె యుద్ధం రోజుల్లో మద్రాసు నుంచి వచ్చింది.

అక్షరాలు పోతపోసే సీసమంతా తుపాకి గుండ్లకు పోతోంది. అందుకని చెక్క అక్షరాలు పంపారు. నూనె పట్టించిన నున్నటి చెక్క. పెట్టె మూత తీస్తే కొత్త మంచం వాసన.

అంతకు ముందు కృపావరానికి తెలిసిన అక్షరాలన్నీ నిలబడేవి. కచేరీ ముందు అర్జీలు పట్టుకుని నిలబడ్డ జనం మాదిరి... బుద్ధిగా, వరుసగా, ఒకే ఎత్తున. వాటిని చూసి ఎవరూ దడుచుకోలేదు. ఎవరూ మురిసిపోనూ లేదు.

ఇవి అట్లా కాదు.

గుండ్రటి తెలుగు అక్షరం పక్కకు వాలిస్తే దొర్లిపోవాలి, న్యాయానికి. ఇవి దొర్లవు. కింద లావుపాటి ఒంపు బరువు పట్టి ఉంచుతుంది. పైన సన్నగీత లాక్కుపోతుంది. ఇక పడిపోతుంది అనుకున్న చోట ప్రతి గీతా కొసన చిన్న కొక్కెంలా తిరిగి ఆగుతుంది. లావు, సన్నం. లావు, సన్నం. ఊపిరి పీల్చి వదిలినట్టు.

పడదు. పడబోయి నడుస్తుంది.

ఎవడు చెక్కాడో! ఏ ఊరివాడో! ఆ చెయ్యి ఎట్లాంటి చెయ్యో!

ఆ పూట కృపావరం అన్నం తినలేదు. మరిచిపోయాడు.

ఇంకో వింత. అచ్చు అక్షరం తిరగబడి ఉంటుంది. చెక్క మీద ఎడమకు వాలింది కాగితం మీద కుడికి వాలుతుంది. పెట్టెలో ఉన్నంతసేపూ వెనక్కి పోతున్నట్టుంటాయి. కాగితం ఎక్కగానే ముందుకు బయలుదేరతాయి. ఇది కంపోజిటర్లకు అలవాటైన సంగతే. అయినా కృపావరానికి ప్రతిసారీ కొత్తగానే ఉండేది. కాగితం పైకెత్తే ముందు ఒక్క క్షణం ఆగేవాడు—

చేతులు కట్టుకుని ప్రార్థనలో ఆగినట్టు.

ఊరికి ఆ అక్షరాలు తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. కోటప్పకొండ తిరునాళ్ళ కాగితం గోడల మీద పడింది. జనం ఆగారు. సర్కస్ వచ్చింది. ‘పులి’ అన్న మాట ముందుకు వాలి ఉంటే పిల్లలు ఆ గోడ దగ్గరకు పోలేదు, అవతలి పక్కనుంచి పోయారు. ఎన్నికలు వచ్చాయి. ఓటు అడిగేవాళ్ళంతా అవే కావాలన్నారు. పెద్ద రైతుల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు పిల్లా పిల్లవాడి పేర్లు ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడిచాయి.

చావు కబురుకు మాత్రం వాడరు. అది నిలబడే అక్షరాల్లోనే రావాలి. కోర్టు నోటీసుకూ అంతే. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

నడిచే అక్షరాలు.

ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. నరసరావుపేట నుంచి గురజాల దాకా అదే పేరు.

నాటకాలవాళ్ళకు వాటి విలువ అందరికంటే బాగా తెలుసు. మామూలు అక్షరాల్లో పేరు పడితే తెర వెనక మనిషి. నడిచే అక్షరాల్లో పడితే తెర ముందు మనిషి. రైతు గోడ దగ్గర ఆగేవాడు. పేరు చూసేవాడు. అక్షరం లావును బట్టి బండి కట్టాలో వద్దో తేల్చుకునేవాడు. మనిషి గొప్పతనం కొలవడానికి అది సరైన కొలత కాదనుకోండి... అయినా అందరూ దాంతోనే కొలిచేవాళ్ళు.

కృపావరానికి ఒక్కగానొక్క కూతురు.

దయామణి.

ఆ పేరు ఇంట్లో అతని ముందు ఎవరూ అనరు.

ఒకప్పుడు ఆదివారం నాడు పాలెం చర్చిలో ఆ పిల్ల పాడుతుంటే రోడ్డు మీద బండ్లు ఆగేవి. దేవుడితో పనిలేనివాళ్ళు కూడా ఆగేవాళ్ళు. అట్లా ఆగినవాళ్ళలో కరీముల్లా ఒకడు. మాచర్ల మనిషి, నాటకాల కంట్రాక్టరు. తన కంపెనీలో పాడే ఆడపిల్లలను సొంత తల్లి దగ్గర ఉంచి కాపాడతాడని అతనికి మంచి పేరే ఉంది. చింతచెట్టు కింద నిలబడి, పాట అయిపోయిన తర్వాత కూడా కదలకుండా ఉండిపోయాడట.

పిల్ల నాటకాల కంపెనీకి పోతానంది.

తల్లి ఏడ్చింది. తండ్రి వద్దన్నాడు. పిల్ల పోయింది.

తర్వాతి ఆదివారం చర్చిలో పెద్దలు అడిగారు. కృపావరం లేచి నిలబడ్డాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. బల్ల మీద బైబిలు ఉంది. దాని ముందే అన్నాడు.

“ఆ పేరు ఇంక నా నోట రాదు.”

మొండి మనిషి. ఒకసారి అన్నాడంటే అన్నాడే. ఇంట్లో కొన్నాళ్ళు ‘అది’ అన్నాడు. తర్వాత ఆ మాట కూడా మానేశాడు. అతను పనికి పోయాక భార్య గ్రేసమ్మ పొయ్యి ముందు కూర్చుని కూతుర్ని పేరు పెట్టి పిలుచుకునేది. పలికేవాళ్ళు లేరు. అయినా పిలిచేది. ఆమె అట్లా పిలుచుకుంటుందని కృపావరానికి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

ఏడాది గడిచింది. యుద్ధం అయిపోయింది. కాగితం మీద కంట్రోలు పోలేదు.

చైత్రం వచ్చింది. రేకుల కప్పు కాలింది. వడగాలి కిటికీ తలుపులు తెరిచి మూసి, తెరిచి మూసి... అచ్చాఫీసులో ఎవరో అసహనంగా తిరుగుతున్నట్టు ఉండేది.

ఆ గాలిలో కరీముల్లా వచ్చాడు. చంకలో పసుపుపచ్చ కాగితాల కట్ట. ఎక్కడ ఎట్లా సంపాదించాడో అతనికే తెలియాలి. తప్పు పోతే మళ్ళీ దొరికే కాగితం కాదు.

కూర్చోమంటే కూర్చోలేదు.

“అన్నా, ఒక మాట చెప్పాల. కోప్పడమాక.”

“చెప్పు.”

“మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్ళకి నాటకం ఆడతన్నాం. రాణి వేషం మీ పిల్లకిచ్చినా.”

కృపావరం గళ్ళపెట్టె వైపు తిరిగాడు.

“తిరునాళ్ళ పెద్దలు ఒప్పుకోటంలా. పేరు తెలవని పిల్ల, ఎవురొస్తారు చూట్టానికి అంటన్నారు. తెనాలి నుంచి ఇంకో ఆమెని పిలిపిస్తారంట. నేనొకటే చెప్పినా. ఆ పేరు నడిచే అక్షరాల్లో గోడల మీద పడనీండి, బళ్ళు కట్టుకొని జనం రాకపోతే అప్పుడడగండి అని. సరే, పడనీ చూద్దాం అన్నారు. పేరు పెద్దదిగా పడకపోతే వేషం పోయిద్దన్నా. తెర ఎనకమాల వంత పాడుకోవాల్సిందే పిల్ల.”

కృపావరం చెయ్యి చాపి రాతప్రతి తీసుకున్నాడు. పైనుంచి కిందికి చూశాడు. నడిమధ్యలో ఆ పేరు ఉంది. అతని చూపు దాని దాకా వచ్చి, దాని మీదుగా దూకి, అవతల పడింది.

“ఎప్పటికి కావాల?”

“రేపు సాయంత్రం బొగ్గు బస్సుకి.”

పెట్టె తెరిచాడు. తెరవగానే అతనికి గుర్తొచ్చింది.

‘ణి’ లేదు.

పెట్టెతో పాటు ఒక్కటే వచ్చింది. రాణులకూ రుక్మిణులకూ వాడి వాడి ఆ ఒక్కటీ అలిసిపోయింది. పోయిన కోతల్లో చట్రం చేతిలోంచి జారినప్పుడు రాతి గచ్చు మీద పడి రెండు చెక్కలైంది. ఆ ముక్కలు పెట్టెలోనే ఒక మూల ఉన్నాయి.

కృపావరం గుండె తేలికైంది.

నిజమే చెప్పుకోవాలి. సంతోషించాడు. తను కాదనక్కర్లేదు. అక్షరమే కాదంది.

“‘ణి’ లేదు కరీముల్లా. ఇరిగిపోయింది. ఇదిగో, చూడు. ఆ ఒక్క పేరు చిన్నక్షరాల్లో ఏస్తా.”

కరీముల్లా ఆ ముక్కలు అరచేతిలో పెట్టుకుని చూశాడు. మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

“చిన్నక్షరాలకైతే నీ దాకా ఎందుకు రావాలన్నా? మాచర్లలోనే ఎవురో ఒకరు కొట్టిచ్చేవాళ్ళు.”

కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, తువ్వాలు నెత్తిన వేసుకుని, ఎండలోకి పోయాడు.

అప్పుడు కనిపించింది గ్రేసమ్మ. అన్నం గిన్నె పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో!

“పిల్లకి వేషం పోయిద్దంటగా.”

“నాకేం తెలుసు.”

“ఆ అక్షరం చేయించలేవా?”

“ఏందే నీ గోల. నోటితో అననని దేవుడి ముందర చెప్పినా గదా.”

“నోటితోనేగా అననన్నావు.” గ్రేసమ్మ గిన్నె బల్ల మీద పెట్టింది. “చేతుల సంగతి దేవుడికేం చెప్పలేదుగా.”

కొంగు నెత్తి మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

కృపావరం తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో సిరా. ఎంత తోమినా పోని సిరా. ఎవరెవరి పేర్లో పేర్చిన చేతులు... జమీందార్ల పేర్లు, పులుల పేర్లు, పెళ్ళికొడుకుల పేర్లు. ఊళ్ళో అందరి పేర్లనూ నడిపించిన చేతులు.

విరిగిన ముక్కలు తీసి జేబులో వేసుకున్నాడు. అన్నం గిన్నె మూత కూడా తియ్యకుండా బయటికి నడిచాడు.

ఆంజనేయులు ద్వారబంధాలు చెక్కుతాడు. పల్నాటిలో ఏ ఊరికి పోయినా ఏదో ఒక గుమ్మం మీద ఆయన చిలకలు కనిపిస్తాయి, ఆయన తీగలు కనిపిస్తాయి. కృపావరం పోయేసరికి అరుగు మీద కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు.

కృపావరం ముక్కలు రెండూ జోడించి చూపించాడు.

“ఇట్టా తిరగేసి చెక్కాలన్నా. కాగితం మీద సరిగ్గా పడిద్ది.”

“తెలుసులే తమ్ముడూ. నేను ముద్రలు చెక్కలేదంటావా ఏంది?” ఆంజనేయులు ముక్కలను ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. “అబ్బ... చానా గట్టోడు చెక్కినోడు. ఇది పేరులో ఎక్కడొచ్చిద్ది? మొదట్లోనా, చివరనా?”

“చివర.”

“చివరనా...” తల ఊపాడు. “ఎవురి పేరు?”

కృపావరం చూపు ఉలి మీదికి తిప్పుకున్నాడు. ఆంజనేయులు మళ్ళీ అడగలేదు. ఊళ్ళో తెలియనిదేం కాదు ఆ సంగతి.

ద్వారబంధం కోసి మిగిలిన టేకు ముక్క తీశాడు. రాయితో నున్నగా రుద్దాడు. బొగ్గుతో గీశాడు. ఉలి పెట్టాడు.

చెక్కలోంచి అక్షరం రావడం కృపావరం ఎన్నడూ చూడలేదు. అతని చేతికి ఎప్పుడూ అయిపోయిన అక్షరాలే వచ్చాయి. ఇప్పుడు చూశాడు. ముందు ఏమీ లేదు. చుట్టూ ఉన్న చెక్క కొంచెం కొంచెంగా తప్పుకుంటోంది. సన్నటి చుట్టలుగా లేచి, గాలికి అరుగు మీద దొర్లి, వీధిలోకి పోతోంది. అక్షరం మాత్రం పోవడం లేదు. మిగులుతోంది. లావుపాటి పొట్ట మిగిలింది. సన్నటి నడుము మిగిలింది. నెత్తిన గుడి... చిన్న కొప్పు ముడి మాదిరి మిగిలింది.

అనవసరమైనదంతా పోతే ఇంత అందం మిగులుతుందా!

అతనికి ఎందుకో ఏడుపొచ్చింది. ఎండ కళ్ళలో పడుతోందని చెప్పి లేచాడు.

“రేపు నేనే తెచ్చిస్తాలే. బువ్వ తిను ముందు. మొహం చూడు ఎట్టా ఉందో,” అన్నాడు ఆంజనేయులు.

మర్నాడు కృపావరం గోడకాగితం మొత్తం పేర్చాడు. ఊరి పేరు. తిరునాళ్ళ పేరు. రాజు వేషం వేసే ఆయన పేరు. వేషాల పేర్లు మాత్రం మామూలు చిన్నక్షరాల్లో. పాత చేతులు, పాత పని. ఆ నడిమి వరుస దగ్గరకు వచ్చేసరికి తల పక్కకు తిప్పుకున్నాడు.

చూడనన్నాడు. తడిమి తీశాడు.

ద.

యా.

మ.

చివర ఖాళీ వదిలి ఉత్త చెక్కతో నింపాడు.

మధ్యాహ్నానికి ఆంజనేయులు తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతులతో. కృపావరం తువ్వాలు విప్పాడు, అక్షరాన్ని అందుకున్నాడు, గోడ వైపే చూస్తూ ఉత్త చెక్క తీసి ఆ ఖాళీలో దించాడు. బాగా కూర్చుంది. చట్రం బిగించాడు. రోలరుతో సిరా పూశాడు. ఇంత జాగ్రత్త మనిషి, ఇన్నేళ్ళలో ఏనాడూ చట్రం చూడకుండా సిరా పూయనివాడు... ఆ రోజు చూడలేదు. చూస్తే ఎక్కడ పేరు కనిపిస్తుందోనని చూడలేదు.

కాగితం పరిచాడు. పిడి లాగాడు.

ఒక్క క్షణం ఆగాడు.

కాగితం పైకెత్తాడు.

ఇక చూడక తప్పలేదు.

ద, యా, మ... నడుస్తున్నాయి. ఎప్పటిలాగే. నల్లగా, లావుగా, తడిగా, కాగితం అంచు వైపు, అంచు దాటి బయటికి పోయే వాటంలో నడుస్తున్నాయి.

ణి—

వెనక్కి వాలి ఉంది.

అదే లావు. అదే సన్నం. అవే కొక్కేలు, అదే ఎత్తు. మద్రాసు చేతికి ఏ మాత్రం తీసిపోని పని. కానీ మిగిలిన మూడూ అటు వాలితే, ఇది ఇటు వాలింది. మూడూ వెళుతున్నాయి. ఇది ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారిని చూస్తోంది.

గాలికి కిటికీ తలుపు కొట్టుకుంది. ఎవరూ దాన్ని పట్టుకోలేదు.

అప్పుడే లోపలికి వచ్చిన కరీముల్లా, కృపావరం భుజం మీదుగా చూశాడు.

“ఇదేందన్నా! ఎనక్కి పడిపోతందే!”

ఆంజనేయులుకు కోపం వచ్చింది.

“పడిపోవటమేంది? గుమ్మం మీద చివరి చిలక ఎటు చూసిద్దయ్యా? లోపలికి చూసిద్ది. బయటికి చూసేట్టు చెక్కితే ఆ ఇంట్లో మనుషులు నిలవరు. మా తాతల కాణ్ణుంచి అంతే. తమ్ముడు చివర అన్నాడు. చివర్ది గాబట్టి లోపలికి తిప్పినా. తప్పేముంది?”

ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఏ ద్వారబంధం చూసినా అంతే. ఎడమ కొసన చిలక కుడికి చూస్తుంది, కుడి కొసన చిలక ఎడమకు చూస్తుంది. రెండూ ఇంటినే చూస్తాయి. అక్షరాలకూ ఇల్లుంటుందని ఆయన అనుకున్నాడు. ఎవరూ ఉండదని చెప్పలేదు మరి.

కరీముల్లా తల పట్టుకున్నాడు.

“జనం నవ్వుతారన్నా. పెద్దలు అసలే వంక కోసం చూస్తన్నారు. ఇంక మళ్ళీ చెక్కేదానికి టయిమేది? బస్సు వస్తది. చిన్నక్షరాల్లో ఏసెయ్. ఈ ఏడాదికి వంతే పాడుకుంటది పిల్ల. ఏం జేస్తాం.”

కృపావరం వినలేదు. వినపడలేదు.

ఏడాది తర్వాత ఆ పేరు చూస్తున్నాడు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆ అక్షరాలు ముందుకు నడవడమే గొప్ప అనుకున్నాడు. అంత బరువున్న అక్షరం, అంత వేగంలో ఉన్న అక్షరం, అన్నిటికీ ఎదురు తిరిగి ఇంటి వైపు వాలుతుందా! వాలి పడకుండా నిలబడుతుందా!

నిలబడింది. కళ్ళ ముందే ఉంది.

ఆ రోజు బస్సు ఎక్కుతూ పిల్ల వెనక్కి తిరిగి చూసిందా?

అతనికి తెలియదు. ఆ రోజు అతను తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చున్నాడు. గ్రేసమ్మ ఒక్కతే రోడ్డు దాకా పోయింది. తిరిగొచ్చాక ఆమె చెప్పబోతే, చెప్పొద్దన్నాడు.

“ఇట్టానే పడాల,” అన్నాడు కృపావరం.

“నవ్వుతారన్నా...”

“నవ్వనీ. నవ్వేదానికైనా ఆగుతారు గదా. ఆగినోడు పేరు చదవకుండా పోతాడా?”

కరీముల్లా మళ్ళీ కాగితం చూశాడు. దూరం జరిగి చూశాడు. గుమ్మం దాకా పోయి అక్కణ్ణుంచి చూశాడు. రోడ్డు మీద పోయే మనిషి చూసినట్టు చూశాడు.

“అవునన్నా,” అన్నాడు నెమ్మదిగా. “కన్ను ఆడికే పోతంది.”

అంతా అయిపోయినట్టే. ఒక్కటి తప్ప.

ఆ అచ్చాఫీసులో ఒక పద్ధతి ఉంది. మొదటి కాగితాన్ని పేర్చినవాడు పైకి చదవాలి. పని తెచ్చినవాడు రాతప్రతి చేతిలో పెట్టుకుని వినాలి. వరుస సరిగ్గా ఉంటే ‘ఊఁ’ అనాలి. ‘ఊఁ’ రాకపోతే ఆ వరుస మళ్ళీ చదవాలి. అన్ని వరుసలకూ ‘ఊఁ’ పడితేనే రెండో కాగితం ఎక్కుతుంది. ఎంత తొందర పనైనా, ఎంత పెద్దవాళ్ళ పనైనా, కృపావరం ఈ పద్ధతి దాటలేదు.

కరీముల్లాకు పద్ధతి తెలుసు. కృపావరం చర్చిలో అన్న మాట కూడా తెలుసు.

“నువ్వొద్దులే అన్నా,” అన్నాడు. “ఇటియ్యి. నేనే జూసుకుంటా.”

“పేర్చినోడే చదవాల.”

అని కృపావరం కాగితం రెండు చేతులతో పట్టుకున్నాడు. దేవుడు అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు. అడిగినప్పుడు చెప్పుకోవాలి, ఏం చేస్తాం.

చదివాడు. ఊరి పేరు.

“ఊఁ.”

తిరునాళ్ళ పేరు.

“ఊఁ.”

ఆట మొదలయ్యే వేళ.

“ఊఁ.”

రాజు వేషం, ఆయన పేరు.

“ఊఁ.”

“రాణి వేషంలో...”

“ఊఁ.”

ఆగాడు.

గుమ్మంలో నీడ పడింది. గ్రేసమ్మ. చేతిలో అన్నం గిన్నె. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. ఆంజనేయులు ఆమెకు తోవ ఇస్తున్నట్టు పక్కకు జరిగి, మళ్ళీ అక్కడే ఉండిపోయాడు. రోడ్డు మీద బస్సుకు పెట్రోలు బదులు బొగ్గు వేసి రాజేస్తున్న పొగ వాసన వస్తోంది.

కృపావరం పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. ఏడాదిగా వాడని మాట... గొంతులో ఎక్కడ పెట్టాడో వెతుక్కోవాల్సి వచ్చింది.

“దయా...”

ఊపిరి తీసుకున్నాడు.

“దయామణి.”

గ్రేసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కరీముల్లా రాతప్రతి మీదికి తల వంచుకుని నిలబడ్డాడు. కళ్ళు ఆ పేరు మీదే ఉన్నాయి. పేరు సరిగ్గానే ఉంది.

ఊఁ అనలేదు.

ఊఁ అనకపోతే మళ్ళీ చదవాలి.

కృపావరం కాగితం దించాడు. ఇక దాన్ని చూడాల్సిన పని లేదు. కిటికీ వైపు తిరిగాడు. అవతల తెల్లటి ఎండ, మాచర్ల పోయే దారి.

“దయామణీ—”

ఈసారి చదివినట్టు లేదు. రోడ్డు అవతలి దాకా వినపడింది. బస్సు దగ్గర నిలబడ్డవాళ్ళు ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

కరీముల్లా అప్పుడు కూడా ఊఁ అనలేదు.